కోటుకు ఒక టికెట్టు

బుధవారం వచ్చిందంటే అస్లౌగ్ రెండు టికెట్లు కొంటుంది. ఒకటి తనకి, ఒకటి కోటుకి.

హెస్ట్‌వోగ్ మునిసిపాలిటీ సినిమాహాల్లో ఇరవై రెండేళ్ళుగా టికెట్లు చింపేదీ హెర్దిసే, ఏడు కొట్టగానే కిటికీ మూసి మెట్లెక్కి మెషీను నడిపేదీ హెర్దిసే. చిన్న ఊరు, ఇద్దరికి జీతాలిచ్చే స్తోమత మునిసిపాలిటీకి లేదు.

“రెండు,” అంటుంది అస్లౌగ్.

“పన్నెండో వరస, గోడవైపు చివర?”

“అవును.”

“ఇదిగోండి.”

అంతే. ఒకే బడిలో ఒకే తరగతి చదివిన ఇద్దరు ఆడవాళ్ళు వారం మొత్తానికి మాట్లాడుకునే మాటలు అవే. ఈ దేశంలో రాజుగారిని తప్ప ఎవర్నీ ‘మీరు’ అనడం మానేసి ఇరవై ఏళ్ళయింది. డాక్టరు దగ్గర్నుంచి చెత్తబండివాడి దాకా అందరికందరూ ‘నువ్వు’లే. వీళ్ళిద్దరూ మాత్రం ఆ పాత మర్యాద వదల్లేదు. వదిలితే ఏం మాట్లాడుకోవాల్సి వస్తుందో అని ఇద్దరికీ భయం కాబోలు.

కోటు సంగతి మీద ఊళ్ళో బోలెడు కథలున్నాయి.

“కోటు నలుగుతుందనిట,” అంటుంది పోస్టాఫీసు ఆవిడ. “ఆసుపత్రి లాండ్రీలో పొద్దస్తమానం దుప్పట్లు ఇస్త్రీ చేసేదానికి ముడతలంటే అంత భయమా?”

“భయమేం కాదు, పొగరు. ఆ ఇంట్లో పొగరు కొత్తా?” అంటారు ఇంకొకరు. ఆ ఇల్లంటే బేకరీ వాళ్ళ ఇల్లు. యుద్ధంలో జర్మన్ల శిబిరానికి రొట్టెలు కాల్చి పంపి, కోటు కాలరుకి వాళ్ళ పార్టీ బిళ్ళ పెట్టుకున్న మనిషి ఇల్లు. అలా శత్రువుతో చేతులు కలిపినవాళ్ళని ఈ ఊళ్ళో ‘చారలవాళ్ళు’ అనేవారు. ఆయన జైలుకెళ్ళొచ్చి, పోయి కూడా చాలా ఏళ్ళయింది. బేకరీ ఉన్నచోట ఇప్పుడు చెప్పుల దుకాణం ఉంది. ఆ మాట మాత్రం అక్కడే ఉంది.

హెర్దిస్ ఈ కబుర్లలో నోరు పెట్టదు. మెషీను గదిలో ఒంటరిగా స్టూలు మీద కూర్చుని, మేకజున్ను పెట్టిన రొట్టెముక్కలు తింటూ, చిన్న గాజుకిటికీలోంచి కిందికి చూస్తుంది. చీకట్లో తలలు. పన్నెండో వరస చివర ఒక తల, దాని పక్కన తల లేని ఒక కాలరు. వానైనా ఎండైనా ఆ కోటు రావలసిందే. హెర్దిస్‌కి పెళ్ళి కాలేదు. అమ్మ పోయాక ఇంట్లో రేడియో తప్ప మాట్లాడేవాళ్ళు లేరు. నిజం చెప్పాలంటే వారంలో ఆమె ఎదురుచూసే తల అదొక్కటే. ఆ సంగతి చంపినా ఒప్పుకునేది కాదు.

మే రెండో తారీకు, గురువారం నాడు, ఓస్లో బస్సులో ఐదు రేకు డబ్బాలు దిగాయి. మూతల మీద అంటించిన కాగితాల మీద ‘పడవ పిల్లలు’ అని ఉంది. ఆ పేరు చూడగానే హెర్దిస్ తేలుకుట్టిన దొంగలా చుట్టూ చూసి, డబ్బాలను బల్ల కిందికి తోసేసింది.

ఆ సినిమా ఈ ఊళ్ళోనే తీశారు, యుద్ధం ముగిసిన రెండేళ్ళకి, వేసవిలో. అందులో అందరూ ఊరి పిల్లలే. ఆ మరుసటి ఏడు ఇదే హాల్లో రెండంటే రెండు రోజులు ఆడింది. మొదటి రోజు ముప్పైమంది వచ్చారు, రెండో రోజు ఒక్కరూ రాలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఊరికి ఊరే ఆ సినిమా మీద అలిగింది. మిగతా దేశం అసలు పట్టించుకోనే లేదు. ఇన్నేళ్ళకి ఓస్లోలో ఎవరో గోదాములు సర్దుతుంటే దొరికిందట, కొత్త ప్రింటు తీశారట. జర్మన్లు పోయి స్వాతంత్ర్యం వచ్చి నలభై ఏళ్ళు నిండుతున్నాయి కాబట్టి ఎనిమిదో తారీకున వేద్దామని ఉత్సవ కమిటీ నిర్ణయించింది. ఎనిమిదో తారీకు బుధవారమైంది.

శుక్రవారం పొద్దున్నే కమిటీ అధ్యక్షుడు సివెర్ట్ మెట్లెక్కి వగర్చుకుంటూ వచ్చాడు. హైస్కూలు హెడ్మాస్టరు. హెర్దిస్‌తో చదువుకున్నవాడే, ఆ సినిమాలో ఉన్నవాడే.

“ఈ మెట్లు ఎక్కలేకే నేను సినిమాలు మానేశాను,” అన్నాడు స్టూలు లాక్కుని.

“కిందనుంచి చూస్తే ఎవరొద్దన్నారు?”

“సరే గానీ విను. నేను ఓస్లోలో చూసొచ్చాను దీన్ని. బాగుంది హెర్దిస్, నిజంగా బాగుంది. ఊరు, పడవలు, జెండాలు పట్టుకుని ఊరేగింపు... మా నాన్న కూడా ఒకచోట కనిపిస్తాడు, టోపీతో. కళ్ళనీళ్ళు తిరిగాయి.” స్టూలు ఇంకొంచెం దగ్గరికి జరుపుకున్నాడు. “చివర్లో ఒక నాలుగు నిమిషాలుంది చూడు. అది తీసెయ్. ఊరేగింపు దగ్గర ఆపేస్తే సరిపోతుంది.”

హెర్దిస్ కాఫీ పోస్తోంది. చెయ్యి ఆగింది.

“ఎందుకు?”

“శుభమా అని పండగ చేసుకుంటుంటే ఆ ఏడుపు దేనికి? మనం అప్పుడు పిల్లలం. పదేళ్ళ పిల్లలు చేసినదానికి ఇప్పుడు ముసలాళ్ళు తలదించుకుని కూర్చోవాలా? అందులో నువ్వూ ఉన్నావు. నీ మంచికే చెప్తున్నా.” కాఫీ ఊదుకుంటూ మెల్లగా అన్నాడు, “ఆవిడ బుధవారాలే కదా వచ్చేది. ఆవిడకీ బాధే కదా.”

ఆ చివరి మాట నిజమేననిపించింది హెర్దిస్‌కి. పైగా ఆ మాట తనకి ఎంత అనుకూలంగా ఉందో కూడా తెలిసింది.

“చూస్తాలే,” అంది.

సివెర్ట్ వెళ్ళాక చేతులకి నూలు తొడుగులు వేసుకుని ఐదో రీలు బల్ల మీదికి ఎక్కించింది. ఒక చేత్తో పిడి తిప్పుతూ, రెండో చేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఫిల్మ్ అంచు జారనిచ్చింది. ఎక్కడైనా చిరుగుంటే వేలికి తెలుస్తుంది, కంటికన్నా వేలే నమ్మకం. కొత్త ప్రింటు కదా, చిరుగు తగల్లేదు. దీపం వెలిగే గాజుపలక మీద ఊరేగింపు బొమ్మలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. జెండాలు, టోపీలు, మళ్ళీ జెండాలు. తర్వాత పడవ వచ్చింది.

ఫియార్డు సముద్రపాయ దాటించి పిల్లల్ని బడికి తీసుకెళ్ళే పడవ. లోపల గోడపొడుగునా ఒక చెక్కబల్ల. దాని మీద ఒక పిల్ల.

యుద్ధంలో పెద్దవాళ్ళు ఒక పని చేసేవారు. జర్మన్ సిపాయి పక్కన కూర్చుంటే, మాటామంతీ లేకుండా లేచి వెళ్ళిపోవాలి. తుపాకి లేనివాళ్ళకి అదే తుపాకి. పిల్లలు చూసి నేర్చుకున్నారు. సిపాయిలు ఓడలెక్కి వెళ్ళిపోయాక, పక్కనుంచి లేవడానికి ఎవరో ఒకరు కావాలి కదా, బేకరీ వాళ్ళ అమ్మాయి మిగిలింది. ఓస్లో నుంచి వచ్చిన దర్శకుడు పిల్లలందర్నీ నిలబెట్టి, “మీలో వెలివేసిన పిల్ల వేషం ఎవరు వేస్తారు?” అని అడిగితే, ఒక్క గొంతుతో అందరూ అస్లౌగ్ పేరు చెప్పారు. వేషమేముంది అందులో!

చివర్లో ఒక పిల్ల వెళ్ళి ఆ అమ్మాయి పక్కన కూర్చోవాలి. కథ అక్కడితో అయిపోవాలి. ఆ కూర్చోవలసిన పిల్ల హెర్దిస్.

తొమ్మిదిసార్లు తీశారు. తొమ్మిదిసార్లూ హెర్దిస్ నడిచివెళ్ళింది, కూర్చుంది, లేచింది. రేవు మీద జనంలో అమ్మ నిలబడి చూస్తోంది. అన్న ఐవిన్ జర్మనీ శిబిరం నుంచి తిరిగిరాలేదు. అమ్మ ఏమీ అనలేదు, చూస్తోందంతే. కాళ్ళు వాటంతటవే లేచాయి.

హెర్దిస్ పిడి తిప్పడం ఆపింది. గాజుపలక మీద పదేళ్ళ పిల్ల బల్ల వైపు నడుస్తోంది. ఇంక చూడలేకపోయింది. ఊరేగింపు ముగిసినచోటికి వెనక్కి తిప్పి, కత్తెర పెట్టింది. కత్తిరించిన ముక్కను చుట్టగా చుట్టి, ఖాళీ బిస్కెట్ డబ్బాలో పెట్టి, సంచీలో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళింది. ఇరవై రెండేళ్ళలో హాలు సొత్తు ఒక్క మేకు కూడా ఇంటికి తెచ్చుకోని మనిషి.

శనివారమంతా ఆ డబ్బా వంటింటి అలమర మీద ఉంది. హెర్దిస్ దాన్ని రెండుసార్లు చోటు మార్చింది. ఆదివారం వాన వెలిసి కిటికీలోంచి వెలుగొచ్చింది. చేతులు కడుక్కుని, తొడుగులు వేసుకుని, ఫిల్మ్ కొసని కిటికీ అద్దానికి ఆనించి చూసింది.

ఆ సినిమా చివరిభాగం ఆమె ఎన్నడూ చూడలేదు. అప్పట్లో అమ్మ వెళ్ళనివ్వలేదు. తను లేచి వెళ్ళిపోవడంతో అయిపోయిందనుకుంది ఇన్నాళ్ళూ.

ఒక్కొక్క బొమ్మే, బొటనవేలి గోరంత బొమ్మలు. పిల్ల కూర్చుంది. పిల్ల లేచింది. కెమెరా వైపు తిరిగి ఏదో అంటోంది. చేతిలోని ఫిల్మ్‌కి నోరు లేదు, కానీ ఏమన్నదో హెర్దిస్‌కి తెలుసు. తొమ్మిదోసారి దర్శకుడు విసిగిపోయి, “ఎందుకమ్మా లేస్తున్నావ్?” అని అరిస్తే, నోటికొచ్చిన అబద్ధం చెప్పింది. “బల్ల తడిగా ఉంది.”

ఆ తర్వాత కెమెరా ఆగలేదన్నమాట, దర్శకుడు దాన్నే ముగింపుగా ఉంచేశాడన్నమాట. ఆ పిల్ల బొమ్మలోంచి తప్పుకుంది. అస్లౌగ్ ఒక్కతే మిగిలింది. పక్కనున్న ఖాళీ చోటు వైపు చూసింది. స్వెటరు చెయ్యి వేళ్ళమీదికి లాక్కుని, ఆ బల్లని తుడిచింది. ఒకసారి తుడిచి, వంగి చూసి, మళ్ళీ తుడిచింది. మూలలదాకా. తర్వాత తలెత్తి, హెర్దిస్ వెళ్ళినవైపు చూస్తూ కూర్చుంది. బల్ల ఆరింది, ఇంక రావచ్చు అన్నట్టు. బొమ్మ తర్వాత బొమ్మ, అలాగే చూస్తోంది. ఫిల్మ్ అయిపోయేదాకా చూస్తూనే ఉంది.

హెర్దిస్ నేలమీద కూర్చుండిపోయింది. తను చెప్పిన అబద్ధాన్ని అమ్మ నమ్మలేదు, దర్శకుడు నమ్మలేదు, రేవుమీద జనం నవ్వుకున్నారు. నమ్మినది ఒక్క అస్లౌగే. ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత, వంటింటి నేలమీద, హెర్దిస్‌కి ఏడుపొచ్చింది. చేతులకి తొడుగులున్నాయి కాబట్టి కళ్ళు తుడుచుకోవడానికి కూడా లేదు, ఫిల్మ్ పాడవుతుంది.

మంగళవారం సాయంత్రం ఆసుపత్రి బస్సెక్కింది. ఆమెకి ఆసుపత్రిలో పనేమీ లేదు. లాండ్రీ వదిలే వేళకి అటునుంచి వచ్చే బస్సు అది.

బస్సులో ఎనిమిదిమంది. ఎనిమిది కిటికీలు, ఎనిమిది తలలు, ఎనిమిది ఖాళీ సీట్లు. ఈ దేశంలో ఎవరి పక్కనా ఎవరూ కూర్చోరు, అది మర్యాద. బస్సులో చోటుండగా పక్కన వచ్చి కూర్చుంటే, ‘ఈ మనిషికి మతిపోయిందా’ అన్నట్టు చూస్తారు. ఆ మర్యాద చాటున ఎన్ని సంగతులు దాక్కుంటాయో! నిన్ను గౌరవించి కూర్చోలేదో, వెలివేసి కూర్చోలేదో, చచ్చేదాకా తేల్చుకోలేవు.

అస్లౌగ్ మూడో సీట్లో ఉంది. వేడినీళ్ళకి ఎర్రబారిన చేతులు. పక్కసీట్లో ఆమె సంచీ. హెర్దిస్ వెళ్ళి ఆ సీటు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడింది. ‘ఇక్కడ ఖాళీయేనా?’ అని అడగాలి, అంతే. రైల్లో, కాఫీ దుకాణంలో, రోజుకి వెయ్యిమంది అడిగే మాట. అడగడానికి బదులు కమ్మీని రెండో చేత్తో కూడా పట్టుకుంది.

అస్లౌగ్ తల తిప్పలేదు. కానీ సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

హెర్దిస్ చుట్టూ చూసింది. బస్సంతా తననే చూస్తున్నట్టుంది. ఎవరూ చూడటం లేదు. తర్వాతి స్టాపులో దిగిపోయింది. ఇంటికి ఇంకా రెండు మైళ్ళుంది, వాన మొదలైంది. నడుస్తూ తనని తాను తిట్టుకుంది. తొమ్మిది కాదు, ఇప్పటికి పది.

బుధవారం పొద్దున్నే బిస్కెట్ డబ్బా తిరిగి హాలుకి చేరింది. హెర్దిస్ ఐదో రీలు ఎక్కించి, తెగిన కొసలు రెండూ కలిపి, చిల్లులకి చిల్లులు సరిపెట్టి, టేపు వేసి నొక్కింది. అతుకు మీద వేలితో నిమిరింది. వేలికి తెలియనంత నున్నగా వచ్చింది.

సాయంత్రం ఆరుకల్లా హాలు ముందు జెండా ఎగిరింది. లోపల కాఫీ, వాఫుల్స్, కోటుల మీద రిబ్బన్లు. సివెర్ట్ టై సర్దుకుంటూ టికెట్ కిటికీలో తల దూర్చాడు.

“కోసేశావుగా?”

“కోశాను,” అంది హెర్దిస్. అబద్ధం కాదు.

“బంగారానివి!” అని వెళ్ళిపోయాడు.

ఏడుకి పది నిమిషాలుందనగా అస్లౌగ్ వచ్చింది. చేతిమీద కోటు. అప్పటిదాకా కలకలలాడుతున్న వాఫుల్స్ బల్ల దగ్గర మాటలు కొంచెం సన్నగిల్లాయి.

“రెండు,” అంది.

“ఇవాళ ఉచితమండీ. టికెట్టు అక్కర్లేదు, ఎవరిష్టమొచ్చినచోట వాళ్ళు కూర్చోవచ్చు.”

“ఉచితమైనా సరే, రెండు చింపి ఇవ్వండి.”

హెర్దిస్ చింపింది. ఇవ్వకుండా పట్టుకుంది. “ఒకటి అడగొచ్చా? కోటుకి టికెట్టు దేనికి?”

అస్లౌగ్ మొదటిసారి ఆమె మొహంలోకి చూసింది. “ఖాళీగా ఉంటే, ఎవరూ కూర్చోలేదని అర్థం. టికెట్టు కొంటే, అది నాది అని అర్థం.” చెయ్యి చాపింది. “ఇస్తారా?”

ఇచ్చింది. టికెట్లు వేళ్ళ నుంచి వెళ్ళిపోయాక కూడా హెర్దిస్ చెయ్యి కిటికీలోనే ఉండిపోయింది.

సినిమా మొదలైంది. నూట నలభైమంది ఉంటారు. పై కిటికీలోంచి చూస్తే పన్నెండో వరసలో కూడా జనం, కోటు దగ్గరకొచ్చేసరికి తెగిన దారంలా ఒక్క ఖాళీ. జనం నవ్వుతున్నారు, ఒకరినొకరు పొడుస్తున్నారు. “అదిగో మీ మామ!” “ఆ ముక్కు చూడు, ఎవరిదంటావ్?” హెర్దిస్ రీలు అయిపోయినప్పుడల్లా తెరమూలన నల్లచుక్క కనిపెట్టి రెండో మెషీనుకి మార్చింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు మార్పిళ్ళూ వెంట్రుకవాసి తేడా రాలేదు. ఇరవై రెండేళ్ళలో ఆ హాల్లో తెర ఒక్కసారి కూడా తెల్లగా మిగిలిపోలేదని ఆమెకి గర్వం. సినిమా నడుస్తుండగా ఆ గదిలోంచి బయట అడుగుపెట్టింది లేదు. అమ్మ పోయిన కబురు కూడా ఆట అయ్యేదాకా తలుపవతలే ఆగింది.

ఐదో రీలు తిరుగుతోంది. ఊరేగింపు రావడానికి ఇంకా రెండు నిమిషాలుంది.

హెర్దిస్ తొడుగులు విప్పి బల్లమీద పెట్టింది. తలుపు తీసింది. మెట్లు దిగింది.

హాల్లో చీకటికి కళ్ళు అలవాటు పడేదాకా గోడ పట్టుకుని నడిచింది. పన్నెండో వరస.  తనకి నలభై ఎనిమిదేళ్ళ వయసుందని కూడా గుర్తులేదు.

“ఇక్కడ ఖాళీయేనా?” అంది. గొంతు కీచుగా వచ్చింది. ముందు వరసలో ఒకరు వెనక్కి తిరిగి చూశారు.

అస్లౌగ్ తెర మీదనుంచి కళ్ళు తిప్పలేదు.  తెరమీద జెండాలు వచ్చాయి, వెళ్ళాయి. సివెర్ట్ లేవబోయి, చప్పట్లకి చేతులెత్తి, సినిమా ఆగకపోవడంతో అలాగే ఉండిపోయాడు. పడవ వచ్చింది. హాల్లో నవ్వులు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

అస్లౌగ్ కోటు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“కూర్చో,” అంది. “పొడిగానే ఉంది.”

హెర్దిస్ కూర్చుంది.

తెరమీద పదేళ్ళ పిల్ల నడిచొచ్చింది, కూర్చుంది, లేచింది. “బల్ల తడిగా ఉంది,” అంది సన్నటి, మొండి గొంతుతో.  మిగిలిన పిల్ల స్వెటరు చెయ్యి లాక్కుని బల్ల తుడవసాగింది. హెర్దిస్ పక్కకి చూడలేకపోయింది. తన మోచేతికి ఉన్ని కోటు అంచు ఒకటి తగులుతోంది, అంతవరకే తెలుసు.

“ఆ రోజు నేను నమ్మాను తెలుసా,” అంది అస్లౌగ్ మెల్లగా. “ఇంటికెళ్ళి మా అమ్మతో కూడా చెప్పాను. పడవ తడిసిందమ్మా, లేకపోతే కూర్చునేది అని.”

“తడవలేదు,” అంది హెర్దిస్.

“తెలుసులే. తుడుస్తుంటే తెలిసింది. అయినా తుడిచాను, అయినా నమ్మాను.”

ఆ పిల్ల తలెత్తి చూస్తుండగా ఫిల్మ్ అయిపోయింది. తెర ఒక్కసారిగా తెల్లగా వెలిగింది. ఖాళీ వెలుగు అందరి మొహాలమీదా పడింది. ఎవరి మొహం ఎవరికీ చూపించబుద్ధి కానట్టు తలలన్నీ వంగిపోయాయి. పైన మెషీను గదిలో ఫిల్మ్ కొస రీలుకి కొట్టుకుంటూ టపటపలాడుతోంది.

“లైట్లు!” అన్నారెవరో.

“మెషీను! ఏమైంది పైన?”

“హెర్దిస్!” సివెర్ట్ గొంతు. “ఎక్కడికి పోయావ్? ఆపు దాన్ని! హెర్దిస్!”

టపటప, టపటప. ఆ చప్పుడు హెర్దిస్‌కి ఒళ్ళంతా వాత పెట్టినట్టుంది. చేతులు సీటు చేతుల్ని పట్టుకున్నాయి. కాళ్ళు అలవాటుగా నేలని తన్నబోయాయి.

“లే,” అంది అస్లౌగ్. “నిన్నే పిలుస్తున్నారు.”

“పిలవనీ,” అంది హెర్దిస్. సీట్లో ఇంకొంచెం వెనక్కి జరిగి కూర్చుంది.